మాకెరల్ చేప: చల్లగా ఉన్నంతవరకే మేలు

ఇంగ్లండులోను, ఐర్లండులోను నర్సులుగా పనిచేస్తున్న మన అమ్మాయిలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మమ్మల్ని ఎక్కువగా అడిగేది తిండి గురించే. అందులో తరచుగా వినిపించే పేరు మాకెరల్. "సిస్టరుగారూ, అక్కడ చవకగా దొరికే చేపల్లో ఇదొకటి. పచ్చిది, పొగబెట్టినది, డబ్బాలో పెట్టినది అమ్ముతారు. కడుపుతో ఉన్నవాళ్ళు తినవచ్చా? తిన్నాక ముఖమంతా ఎర్రబడితే అది ఎలర్జీయేనా?" అని అడుగుతారు. ఇక్కడ వారి తల్లిదండ్రులేమో పిల్లలు తెచ్చిపెట్టిన మాకెరల్ డబ్బాలను చూపించి, బి.పి. ఉన్నవారికి ఇవి పడతాయా అని అడుగుతారు. అందరికీ కలిపి ఈ సంచికలో జవాబు చెప్పదలచుకున్నాము.

ముందుగా ఒక్క మాట. మాకెరల్ చాలా మంచి ఆహారం. అయితే నీటిలో నుంచి తీసిన క్షణం మొదలు పొయ్యి మీద పెట్టేవరకు దానికి చల్లదనం తప్పకూడదు. ఆ ఒక్క జాగ్రత్త తప్పితే మేలు చేయవలసిన చేపే మనిషిని ఆసుపత్రికి తెస్తుంది.

ఇది ఏ చేప?

అట్లాంటిక్ మాకెరల్ ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రపు చేప. ఒక వైపు నార్వే, ఐస్‌లాండ్, బ్రిటన్, ఐర్లండ్, స్పెయిన్ తీరాల్లోను, మరో వైపు కెనడా, అమెరికా తూర్పు తీరంలోను దొరుకుతుంది. సాధారణంగా ఒక అడుగు పొడవు ఉంటుంది. వీపు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో మెరుస్తూ, దాని మీద నల్లని వంకర చారలు ఉంటాయి. పొట్ట వెండిలా తెల్లగా ఉంటుంది.

మన తీరంలో దొరికే కానాగంత దీనికి దగ్గరి బంధువు. వంజరం, ట్యూనా కూడా ఈ కుటుంబంలోనివే. కానాగంతకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో 'కనగుర్త' అనే మాట ఉంది. అది మన తెలుగు మాటే. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు అక్కడి చేపలను బొమ్మలతో సహా వర్ణించి 1803లో పుస్తకం ప్రచురించాడు. అందులో ఈ చేపకు స్థానికుల పేరే రాశాడు. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే ఆ పేరునే ఖాయం చేశాడు. ఈ బంధుత్వం వల్ల మాకెరల్ గురించి చెప్పే జాగ్రత్తలు చాలావరకు మన కానాగంతకూ వర్తిస్తాయి.

చాలా చేపలకు నీటిలో తేలడానికి పొట్టలో గాలితిత్తి ఉంటుంది. అట్లాంటిక్ మాకెరల్‌కు అది లేదు. ఈత ఆపితే మునిగిపోతుంది, మొప్పలకు చాలినంత నీరు కూడా అందదు. అందుకే రాత్రింబగళ్ళు ఈదుతూనే ఉంటుంది. అంతసేపు ఈదే చేప కాబట్టి దాని కండలో ముదురు రంగు భాగం ఎక్కువ. నూనె కూడా ఎక్కువ. గుడ్లు పెట్టిన తరువాత వేసవి మొదట్లో బాగా చిక్కిపోతుంది. తరువాత నార్వే సముద్రంలో చిన్న చిన్న జలచరాలను తెగ మేసి, శరత్కాలానికి ఒంట్లో కొవ్వు పాతిక శాతం దాటేంతగా బలుస్తుంది. జపాను వారు నార్వే నుంచి ఎక్కువగా కొనేది ఈ శరత్కాలపు చేపనే.

వంద గ్రాములలో ఏముంది?

అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం 100 గ్రాముల పచ్చి అట్లాంటిక్ మాకెరల్‌లో సుమారు 205 కేలరీలు, 18.6 గ్రాముల మాంసకృత్తులు, 13.9 గ్రాముల కొవ్వు ఉంటాయి. ఆ కొవ్వులో ఒమేగా-3 అనే మేలైన భాగం 2 గ్రాములకు పైగా ఉంటుంది. పెద్దవారికి రోజుకు పావు గ్రాము చాలునని యూరపు ఆహార భద్రతా సంస్థ చెబుతోంది. అంటే 100 గ్రాముల మాకెరల్‌లో వారానికి సరిపడినదానికన్నా ఎక్కువే ఉన్నది. ఈ ఒమేగా-3 గుండెకు, రక్తనాళాలకు మంచిది. కడుపులో ఉన్న బిడ్డ మెదడు, కళ్ళు ఎదగడానికి కూడా అవసరం.

బి12 విటమిన్ సుమారు 8.7 మైక్రోగ్రాములు ఉంటుంది. పెద్దవారి రోజువారీ అవసరానికి ఇది మూడు రెట్లు. విటమిన్ డి సుమారు 16 మైక్రోగ్రాములు. ఆ చలి దేశాల్లో ఉన్న మనవారు దీనిని ముఖ్యంగా గమనించాలి. అక్టోబరు నుంచి మార్చి మొదటి వరకు బ్రిటన్‌లో ఎండ చాలదు. అందువల్ల ఆ నెలల్లో అందరూ రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి మాత్ర తీసుకునే విషయం ఆలోచించాలని, మనలాంటి ముదురు రంగు చర్మం ఉన్నవారు ఏడాది పొడవునా ఆలోచించాలని అక్కడి ఆరోగ్య శాఖ చెబుతుంది. విటమిన్ డి ఉండే ఆహార పదార్థాలే తక్కువ. వాటిలో మాకెరల్ ముందు వరుసలో ఉంది.

పడవ నుంచి పళ్ళెం దాకా

చేప తొందరగా చెడిపోయేది కాబట్టి దాని గురించి లండనులో ఒక చట్టమే చేయవలసి వచ్చింది. ఆదివారం వ్యాపారం నిషేధమైన రోజుల్లో, 1698 నాటి బిల్లింగ్స్‌గేట్ చట్టం మాకెరల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆదివారం ఆరాధనకు ముందు గాని, తరువాత గాని దీనిని అమ్ముకోవచ్చునని చెప్పింది. సోమవారం వరకు ఆగితే చేప పనికిరాదని అప్పటివారికి బాగా తెలుసు. ఎందుకు పనికిరాదో తరువాతి కాలంలో తెలిసింది.

ఈనాడు అక్కడ పెద్ద ఓడలతో మాకెరల్‌ను పడుతున్నారు. గుంపు చుట్టూ వల వేసి అడుగును తాడుతో బిగిస్తారు. మన విశాఖ తీరంలో రింగు వల అనేదాని వంటిదే, కాని ఎన్నో రెట్లు పెద్దది. లేదంటే నీటి మధ్యలో పెద్ద ట్రాలు వలను లాగుతారు. పైకి వచ్చిన చేపను చేతితో ముట్టరు. పంపుతో నీటితో సహా తోడి, సున్నా డిగ్రీల దరిదాపుల్లో చల్లబరచిన సముద్రపు నీటి ట్యాంకుల్లోకి పంపుతారు. ఒడ్డుకు చేరిన తరువాత గడ్డకట్టించి పెట్టెలకెత్తుతారు. జపాను, ఈజిప్టు, నైజీరియా వంటి దేశాలకు అలాగే వెళ్తుంది. కొంత భాగాన్ని పొగబెడతారు, కొంత డబ్బాల్లో పెడతారు.

చేప తిన్నాక ముఖం ఎర్రబడితే

మాకెరల్ కుటుంబపు చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం సహజంగానే ఎక్కువ. దానివల్ల హాని లేదు. కాని చేప చచ్చిన తరువాత వేడిలో ఉంటే, మొప్పల్లోను పేగుల్లోను ఉండే కొన్ని బాక్టీరియాలు పెరిగి ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చివేస్తాయి. ఒంటి మీద దద్దుర్లు లేచినప్పుడు మన శరీరంలో విడుదలయ్యేది కూడా ఈ హిస్టమినే. అలాంటి చేపను తింటే హిస్టమిన్‌ను బయటి నుంచి లోపలికి పంపినట్లు అవుతుంది.

తిన్న పది నిమిషాల నుంచి ఒకటి రెండు గంటల లోపు లక్షణాలు మొదలవుతాయి. ముఖం, మెడ ఎర్రబడి వేడెక్కుతాయి. తలనొప్పి, దురద, దద్దుర్లు, గుండె దడ, వికారం, విరేచనాలు రావచ్చు. కొందరికి నోటిలో మిరియం కొరికినట్లు మంటగా ఉంటుంది. ఎక్కువమందిలో కొన్ని గంటల్లో, మహా అయితే ఒక రోజులో తగ్గిపోతుంది.

ఇక్కడ మూడు విషయాలు బాగా గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది, హిస్టమిన్ వంటతో పోదు. ఎంతసేపు ఉడికించినా, వేయించినా, పొగబెట్టినా, డబ్బాలో పెట్టి అధిక వేడికి గురిచేసినా, గడ్డకట్టించినా అది అలాగే ఉంటుంది. బాక్టీరియా చస్తుంది గాని అది తయారుచేసి పెట్టినది మిగిలిపోతుంది. "బాగా ఉడికించాము కదా" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

రెండవది, కంటికి, ముక్కుకు ఎప్పుడూ తెలియదు. వాసన రాకముందే హిస్టమిన్ చేరి ఉండవచ్చు. ఒకసారి ఎండలో ఉండిపోయిన చేపను తరువాత ఫ్రిజ్‌లో పెట్టినా లోపల ఆ పని నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది.

మూడవది, ఇది అసలైన చేప ఎలర్జీ కాదు. రెండింటి లక్షణాలు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి చాలామంది పొరబడి, జన్మలో చేప ముట్టకూడదని నిర్ణయించుకుంటారు. తేడా తెలుసుకోవడానికి మేము క్యాజువాలిటీలో అడిగే ప్రశ్నలు ఇవి: ఇదే చేపను ఇంతకు ముందు ఏ ఇబ్బందీ లేకుండా తిన్నారా? మీతో కలిసి తిన్నవారిలో ఇంకెవరికైనా ఇలాగే అయిందా? చేపను ఎప్పుడు కొన్నారు, ఎంతసేపు బయట ఉంచారు? ఒకే కూర తిన్న ముగ్గురు నలుగురికి ఒకేసారి ముఖాలు ఎర్రబడితే అది ఎలర్జీ అయ్యే అవకాశం తక్కువ. కాని ఆ నిర్ణయం డాక్టరుగారు చేయవలసినది, ఇంట్లో కూర్చుని చేయవలసినది కాదు.

తేలికగా వస్తే హిస్టమిన్‌కు విరుగుడు మాత్రలతో తగ్గుతుంది. ఊపిరి ఆడకపోవడం, పెదవులు నాలుక వాయడం, కళ్ళు తిరిగి పడిపోవడం వంటివి కనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారి విషయంలో మరింత తొందరపడాలి.

క్షయకు మందులు వాడేవారికి ప్రత్యేకంగా

ఈ సంగతి చాలామందికి తెలియదు. మన పేగుల్లోను, కాలేయంలోను హిస్టమిన్‌ను విరిచివేసే ఎంజైములు ఉన్నాయి. ఆహారంలో కొద్దిపాటి హిస్టమిన్ ఉన్నా అవి చూసుకుంటాయి. అయితే క్షయకు వాడే ఐసోనియజిడ్ అనే మందు ఈ ఎంజైముల పనిని తగ్గిస్తుంది. దానివల్ల ఇతరులకు ఏమీ చేయని చేప కూడా క్షయ మందులు వాడేవారికి ముఖం ఎర్రబడడం, తలనొప్పి, దడ తేగలదు. ట్యూనా వంటి చేపలు తిన్న క్షయ రోగులలో ఇలా జరగడాన్ని శ్రీలంక వైద్యులు 1970లలోనే గమనించి ప్రచురించారు.

దయచేసి దీనిని తప్పుగా అర్థం చేసుకోకండి. చేప కోసం మాత్రలు మానకూడదు. ఒక్క రోజు కూడా మానకూడదు. మందుల కోర్సు పూర్తయ్యేవరకు కానాగంత, ట్యూనా, మాకెరల్ వంటి చేపలు తాజావని గట్టి నమ్మకం ఉంటేనే తినండి. నమ్మకం లేకపోతే ఆ ఆరు నెలలు గుడ్డు, పప్పు, పాలు, కోడి మాంసం వంటివి తీసుకోండి. క్షయ రోగికి బలమైన ఆహారం అవసరమే, అది ఈ చేపల నుంచే రానక్కరలేదు.

ఎవరు ఎంత తినవచ్చు?

గర్భిణులు పాదరసం విషయంలో భయపడతారు. ఆ భయంలో నిజం ఉంది, కాని అన్ని మాకెరళ్ళూ ఒకటి కావు. చిన్న చేపను పెద్ద చేప తిన్నకొద్దీ పాదరసం పోగవుతుంది. కింగ్ మాకెరల్ అనేది పెద్ద వేటాడే చేప. అమెరికా ఆహార, ఔషధ సంస్థ దానిని గర్భిణులు మానవలసిన చేపల జాబితాలో పెట్టింది. అట్లాంటిక్ మాకెరల్‌ను మాత్రం మంచి ఎంపికల జాబితాలో ఉంచింది. వారి పరీక్షల్లో కింగ్ మాకెరల్‌లో ఉన్న పాదరసంతో పోలిస్తే దీనిలో ఉన్నది పదో వంతు కూడా లేదు. కాబట్టి డబ్బా మీద, ప్యాకెట్టు మీద పూర్తి పేరు చదవండి.

బ్రిటన్ ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం అందరూ వారానికి ఒకసారైనా నూనె ఎక్కువ ఉండే చేప తినాలి. వండిన తరువాత 140 గ్రాములు ఒక వంతు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ముందు ముందు పిల్లలను కనవలసిన స్త్రీలు, ఆడపిల్లలు వారానికి రెండు వంతులు మించకూడదు. మిగిలినవారు నాలుగు మించకూడదు.

పొగబెట్టిన చేప, డబ్బా చేప విషయంలో ఉప్పును చూసుకోవాలి. ఉప్పులో ఊరవేసిన మాకెరల్ మరీ ఎక్కువ. దాని 100 గ్రాములలో 4 గ్రాములకు పైగా సోడియం ఉంటుంది. ఉప్పు లెక్కలో అది 11 గ్రాములు. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుండగా ఒక్క ముక్కతోనే ఆ హద్దు దాటిపోతాము. బి.పి., గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఉప్పు చేపకు దూరంగా ఉండాలి. డబ్బా చేప అయితే ఉప్పు ఎంతో చదివి, తక్కువ ఉన్నది ఎంచుకోవాలి. యూరిక్ ఆసిడ్ పెరిగి కీళ్ళవాపు వచ్చినవారు డాక్టరును అడిగి తినాలి.

వండడంలో

మాకెరల్ పేగుల్లోను, కండలోను అనిసాకిస్ అనే సన్నని పురుగు ఉండవచ్చు. పచ్చిగా తింటే తీవ్రమైన కడుపునొప్పి వస్తుంది. జపానులో ఈ చేపను ఉప్పు, వెనిగరులో ఊరవేసి తింటారు. వెనిగరు ఈ పురుగును చంపదు, నిమ్మరసమూ చంపదు. పచ్చిగా తినదలచిన చేపను ముందుగా మైనస్ 20 డిగ్రీలలో కనీసం ఒక రోజు పూర్తిగా గడ్డకట్టించాలని యూరపు నిబంధన. ఇంటి ఫ్రిజ్‌ను నమ్ముకునే బదులు బాగా ఉడికించి తినడం మంచిది.

నూనె ఎక్కువ ఉన్న చేపకు పులుపు బాగా కుదురుతుంది. ఇంగ్లండులో పాతకాలం నుంచి దీనిని గూస్‌బెర్రీ అనే పుల్లని కాయల పచ్చడితో తింటారు. నార్వేలో టమాటా రసంలో ఉన్న డబ్బా చేపను రొట్టె మీద వేసుకుంటారు. జమైకాలో కొబ్బరిపాలలో ఉడికిస్తారు. అక్కడున్న మన అమ్మాయిలు చింతపండు పులుసు పెట్టుకుంటే ఆ నూనె వాసన తెలియనే తెలియదు. ఎర్రగా, నల్లగా వేయించే బదులు పులుసు, ఆవిరి వంట మేలు.

సముద్రంలో తగ్గిపోతున్నది

ఇంతవరకు ఈ చేపను ఎలా తినాలో చెప్పాము. ఇక ముందు తినడానికి అది ఉంటుందా అన్నది కూడా చూడాలి.

1960లలో ఉత్తర సముద్రంలో యంత్రాలతో లాగే పెద్ద వలలు వచ్చాయి. దశాబ్దం చివరికి ఏటా లక్షల టన్నుల మాకెరల్ పట్టారు. అందులో చాలా భాగం మనుషుల తిండికి కాదు, చేపపొడికి, నూనెకు పోయింది. కొద్ది ఏళ్ళలోనే ఆ సముద్రపు మాకెరల్ సంతతి కుప్పకూలింది. అర్ధ శతాబ్దం గడిచినా మునుపటిలా కోలుకోలేదు.

పశ్చిమాన మిగిలిన పెద్ద సంతతి మీద చాలా దేశాలు ఆధారపడ్డాయి. 2000ల మధ్య నుంచి చేప మేత కోసం ఐస్‌లాండ్ వైపు ఎక్కువగా వెళ్ళసాగింది. మా నీటిలోకి వచ్చింది కాబట్టి మాకూ వాటా ఉందని ఐస్‌లాండ్ అన్నది. యూరపు దేశాలు, నార్వే, ఫారో దీవులు, ఐస్‌లాండ్ మధ్య వాటాల తగవు ఏళ్ళ తరబడి సాగింది. ఎవరి కోటా వారు ప్రకటించుకున్నారు. అన్నీ కలిపితే శాస్త్రజ్ఞులు చెప్పిన హద్దు దాటిపోయేది. 2014లో పట్టినది దాదాపు 14 లక్షల టన్నులు. 2019లో ఈ చేపకున్న ఎం.ఎస్.సి. వారి నీలి గుర్తింపు ముద్ర నిలిచిపోయింది. 1902లో ఏర్పడి కోపెన్‌హాగెన్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ సముద్ర పరిశోధనా మండలి 2025 సెప్టెంబరులో సలహా ఇస్తూ, 2026లో పట్టే చేపను అంతకు ముందు ఏడాది సలహా కన్నా 70 శాతం తగ్గించాలని చెప్పింది. అట్లాంటిక్‌కు అవతలి ఒడ్డున కెనడా 2022లోనే వాణిజ్య వేటను మూసివేసింది.

పేదవారికి చవకగా దొరికే ఇంత మంచి ఆహారం అరుదైతే ముందుగా నష్టపోయేది పేదవారే. వేటకు హద్దు, నిల్వకు చల్లదనం, ఈ రెండూ ఉంటేనే ఈ చేప మనుషులకు మేలు చేయగలదు. మొదటిది ప్రభుత్వాల చేతిలో ఉంది. రెండవది మన వంటింట్లో ఉంది.

గుర్తుంచుకోవలసినవి

1. చేప కొనేటప్పుడు ఐసు మీద ఉన్నదే కొనండి. కళ్ళు ఉబ్బి మెరుస్తూ, మొప్పలు ఎర్రగా, కండ గట్టిగా ఉండాలి. ఎండలో గోనె మీద పోసి అమ్మే కానాగంతను చవక అని కొనవద్దు.

2. బజారులో అన్ని పనులు ముగించుకుని చివర్లో చేప కొనండి. సంచిలో ఐసు వేయించుకోండి.

3. ఇంటికి రాగానే పేగులు, మొప్పలు తీసి కడిగి, వెంటనే వండండి లేదా ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు మించకూడదు. కరెంటు గంటల తరబడి పోయిన రోజు ఫ్రిజ్‌లోని చేపను నమ్మవద్దు.

4. గడ్డకట్టిన చేపను సింకు దగ్గర వదిలేయకుండా ఫ్రిజ్ కింది అరలో కరగనివ్వండి.

5. డబ్బా తెరిచాక మిగిలినదానిని వేరే గిన్నెలోకి మార్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు రోజుల్లో తినేయండి. ఉబ్బిన డబ్బాను పారవేయండి.

6. నోటిలో మిరియపు మంట తగిలితే ఆ ముద్ద అక్కడే ఆపండి. మిగిలిన కూరను ఎవరికీ పెట్టవద్దు.

7. చేప తిన్న తరువాత ముఖం ఎర్రబడి దడ వస్తే, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకుని ఆసుపత్రికి రండి. క్షయ మందులు వాడుతున్నట్లయితే ఆ సంగతి నర్సుకు ముందుగా చెప్పండి.